మన యింటి ముద్రారాక్షసము

పత్రికలు చదువువారికి ముద్రారాక్షసము లనగానే అచ్చుతప్పులు స్మరణకు వచ్చును. మేము వ్రాయబూనినది అచ్చుతప్పులను గూర్చి కాదు. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకమునకు ఆ పేరు తెచ్చిపెట్టిన యుంగరమును గూర్చియు, అట్టి యుంగరమునే నేడు ప్రతిగృహమునందును పిన్నలు పెద్దలు చేతబట్టుకొని తిరుగుచు దాని విలువ నెఱుగకుండుటను గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

నాటకము చదువనివారి కొఱకు కథను సంగ్రహముగా జెప్పెదము. నందవంశము నశించిన పిమ్మట మంత్రి రాక్షసుడు పాటలీపుత్రమును విడిచిపోవుచు, తన పేరు చెక్కిన ముద్రికను భార్యకడ విడిచెను. ఆలుబిడ్డలను మిత్రుడగు చందనదాసు నింట దాచెను. ఒకనాడు చాణక్యుని చారుడు యమపటము చూపి పాడుకొను భిక్షుకుని వేషమున ఆ యింటికి వచ్చెను. ఐదేండ్ల బాలుడు వింత చూడవలెనని వాకిటికి రాగా, తల్లి తొందరపడి చేయి చాచి బిడ్డను లోనికి లాగబోయెను. పురుషుని వేలికొలతకు చేసిన యుంగరము కావున అది వదులై జాఱి, దొర్లి, చారుని పాదములకడ నిలిచెను. అంతియే. పిమ్మట చాణక్యుడు, రాక్షసుని మిత్రుడైన శకటదాసుచేతనే, అతనికి సంగతి తెలియనీయక, ఒక జాబు వ్రాయించి దానిపై ఆ ముద్ర వేయించెను. వ్రాత శకటదాసుది, ముద్ర రాక్షసునిది, తలపు మాత్రము చాణక్యునిది. ఆ జాబును నమ్మి మలయకేతుడు తన మేలు కోరిన మంత్రినే ద్రోహి యని వెడలగొట్టెను. తనకు తోడు వచ్చిన రాజులను చంపించెను. కత్తి దూయకుండగనే యొక సైన్యము చెదరిపోయెను.

రాక్షసునకు బుద్ధి తక్కువయా? కాదు. శౌర్యము తక్కువయా? అదియు గాదు. తన ముద్రను తన వేలినుండి తీసి మఱియొకరి వేలికి విడుచుటయే యాతని ప్రమాదము. ఆడుదానికి ఇచ్చినందున నిట్లయ్యెనని యనువారును గలరు. మేమట్లనము. ఆమె కొలతకు చేయని యుంగరమును ఆమె వేలికి తగిలించి, జాఱినప్పు డామెను నిందించుట న్యాయము గాదు. ఆమెకు ఆమె యుంగర ముండవలసినది. అతని యుంగరము అతనికడ నుండవలసినది. మేము నేడు చెప్పదలచినదంతయు ఈ వాక్యములోనే యిమిడియున్నది.

ఇప్పటి యుంగరము చేతిలోని ఫోను. దానిలో మన ధనమున్నది; మన జాబులున్నవి; బిడ్డల ఛాయాచిత్రములున్నవి; వైద్యుడిచ్చిన చీటులున్నవి; ఆధారు మొదలైన గుఱుతింపుపత్రము లున్నవి. బ్యాంకువారు మనమే మన మని నమ్ముటకు ఆఱు అంకెల ఓటీపీని ఆ ఫోనునకే పంపుదురు. అనగా ఆ ఫోను ఎవరి చేతిలో తెఱచియున్నదో వాడే మన పేరు గలవాడు, మన సంతకము గలవాడు. వాడు మన పేరుతో అప్పు చేయవచ్చును. మన బంధువులకు 'ఆపదలో నున్నాను, పదివేలు పంపుడు' అని వ్రాయవచ్చును. మన యధికారికి మనము కలలోనైన ననని మాటలు పంపవచ్చును. వ్రాత మనది, ముద్ర మనది, తలపు పరునిది. చాణక్యునకు మహారాజ్యమును నిలుపవలెనను సంకల్పమైన నుండెను. మన చోరులకు అదియును లేదు.

ఇట్టి వస్తువును మన గృహస్థులు కాపాడుకొనుచున్న విధ మెట్టిది? బియ్యపుగదికి తాళము వేయుదురు. బీరువాకు తాళము వేసి, తాళపుచెవిని బొడ్డున దోపుకొందురు. వీథివాకిటికి గడియ, గొళ్ళెము, తాళము మూడును వేయుదురు. ఫోనునకు మాత్రము తాళమే వేయరు. వేసినను నాలుగు ఒకట్లు వేయుదురు. ఆ నాలుగు ఒకట్లును ఇంటిల్లిపాదికి, పాలవానికి, ప్రక్కయింటి పిల్లవానికిని తెలిసియుండును. ఎవరైన తాళము గట్టిగా వేసికొన్నచో, వారియందేదో దోషమున్నదని గుసగుసలు పుట్టును. ఆ వేసికొన్నది కోడలైనచో చెప్పనక్కఱలేదు.

మేమెఱిగిన యొక కుటుంబమున జరిగిన సంగతి చెప్పెదము. ఊరు, పేరు చెప్పము. ఉద్యోగము విరమించిన మామగారు, అత్తగారు, ఇద్దఱు కొడుకులు, పెద్దకోడలు, ఆమె పిల్ల లిద్దఱు, మొత్త మేడుగురు. కోడలు ఇంటివద్ద పిల్లలకు పాఠములు చెప్పి సంపాదించిన సొమ్మును, పెద్దపిల్ల చదువు నిమిత్తము తన పేరనే బ్యాంకులో దాచుకొనుచుండెను. ఆ యింట నొక నియమము గలదు. 'మన యింట దాపఱికములు లేవు' అని మామగారు గర్వముగ జెప్పెడివారు. కావున అందఱి ఫోనులకును ఒకే పిన్ను. ఎవరి ఫోను నెవరైన దీయవచ్చును. పిల్లలాడుకొందురు, మఱది వార్తలు చూచుకొనును, అత్తగారు పంచాంగము చూచుకొందురు.

ఒకనాటి మధ్యాహ్నము కోడలి వాట్సప్‌నకు ఎఱిగిన బంధువు పేరుననే యొక పెండ్లి శుభలేఖ వచ్చెను. అది శుభలేఖ కాదు. ఏపీకే యను నొకజాతి ఫైలు, అనగా ఫోనులో క్రొత్త యాపు నొకదానిని చొప్పించునది. ఆ బంధువు ఫోను అంతకుముందే చోరుల వశమై యుండెను. ఎవరో దానిని నొక్కిరి. 'స్థాపింపవచ్చునా?' అని ఫోను అడిగినది, 'సరే' యనిరి. 'మీ సందేశములు చదువవచ్చునా?' అని యడిగినది. దానికిని 'సరే' యనిరి. రాత్రికి బ్యాంకులోని సొమ్ము మూడు విడతలుగా వెడలిపోయెను. బ్యాంకువారి ఓటీపీలు వచ్చినవి. వాటిని చదివినది మాత్రము కోడలు గాదు.

మఱునాడు ఇంటిలో విచారణ సాగెను. పిల్లలు మేము కాదనిరి. మఱది తాను కాదనెను. అత్తగారికి శుభలేఖ చూచినట్లు లీలగా జ్ఞప్తి. ఏ ఫోనులోనో జ్ఞప్తి లేదు. కడకు 'ఫోను నీది గదా' యను నొక్క మాటతో నేరమంతయు కోడలి నెత్తిన బడెను. ఆ మధ్యాహ్నము తాను వంటయింటనుంటినని యామె యెంత చెప్పినను వినువారు లేకపోయిరి. ఏడు చేతులు తాకిన వస్తువుపై ఏ చేతి గుఱుతు నిలుచును? అందఱి సిగ్గును దాచుకొనుటలో రెండు దినములు గడచినవి. మూడవనాడు పోలీసులకు తెలుపగా, సొమ్ము అప్పటికే పెక్కు ఖాతాలు దాటిపోయెనని వారు చెప్పిరి.

చదువరులారా, ఈ కథలో చోరుడు చేసిన నష్టము సొమ్ముతో సరి. ఆ యింటి నియమము చేసిన నష్టము అంతటితో సరిపోలేదు. నిర్దోషురాలగు నొక స్త్రీ తాను నిర్దోషినని చూపుకొనుటకు ఆధారము లేక, నేటికిని ఆ యింట తల వంచుకొని తిరుగుచున్నది. ఆమె ఫోనునకు ఆమెకు మాత్రమే తెలిసిన తాళమున్నచో, ఆ శుభలేఖను ఆమెయే చూచియుండును. చూచి అనుమానించి యుండవచ్చును. లేక తానే నొక్కి, తన తప్పు తానే యెఱిగి, వెంటనే చెప్పియుండును. తాళము చోరుని మాత్రమే ఆపునని తలపకుడు. తాళము నిర్దోషికి సాక్షి. తాళము లేని యింట అందఱును అనుమానితులే; వారిలో బలహీనులే దోషులు.

ఇంత చెప్పినను మా మాటను ఒప్పుకొననివారు పెక్కురు గలరు. వారి వాదములను దాటవేయక యొక్కొక్కటిగ విచారింతము.

మొదటివాదము: 'తప్పు చేయనివారికి దాచుకొనుటకేమున్నది?' ఈ మాట వినసొంపుగనున్నది గాని దీనిలో సారము లేదు. స్నానమునకు తలుపు వేసికొనువాడు తప్పు చేయుటకు వేసికొనుచున్నాడా? పుట్టింటికి వ్రాసిన యుత్తరమును అతికించి పంపు స్త్రీ పాపము చేసినదా? వైద్యునితో రోగి, న్యాయవాదితో కక్షిదారు, తల్లితో కూతురు ఏకాంతమున మాటలాడుట లోకమున ఏనాటినుండియో యున్నదే. మంచివారికి దాచుకొనదగిన సంగతు లెన్నియో యుండును. అవి వారివి మాత్రమే గావు. స్నేహితురాలు తన కష్టమును మనకు వ్రాసియుండును. ఆమె మన యొక్కరినే నమ్మి వ్రాసినది గాని, మన యింటి ఏడుగురిని నమ్మి వ్రాయలేదు. తెఱచిన ఫోను మన రహస్యమును మాత్రమే గాక మనల నమ్మినవారి రహస్యమును గూడ వీథిని బెట్టును.

ఈ వాదము క్రొత్తది గాదు. ఆడుపిల్లకు అక్షరములు వచ్చినచో పరులకు జాబులు వ్రాయునని పూర్వము మన దేశమున స్త్రీవిద్య నడ్డగించినవారు వాదించిరి. 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించుట అట్టి వాదములు చెలరేగుచున్న దినములలోనే. నేడు ఆ వాదమును బహిరంగముగ జెప్పువాడు లేడు. అయితే అదే భయము చీర మార్చుకొని, 'కోడలి ఫోనునకు తాళమేల?' అని వచ్చి కూర్చున్నది. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమునుబట్టి, మన దేశమున తమకు తామై వాడుకొను ఫోను గల స్త్రీలు నూటికి ఏబదినలుగురు మాత్రమే. తక్కినవారికి తాళము మాట యటుండ, పెట్టెయే లేదు. పెట్టె దొరకినవారికైన తాళము నియ్యకున్న మన సంస్కరణ మెంత దూరము నడచినట్లు? సంస్కృతము చదివిన పెద్దలకు ఇంకొక మాట. వాత్స్యాయనుడు స్త్రీలు నేర్వదగినవిగా జెప్పిన అఱువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పము, అనగా ఇతరులకు తెలియరాని గూఢలేఖనము, ఒకటి. పూర్వాచారము పూర్వాచారమని పలుకువారు ఈ పూర్వాచారము నేల మఱచిరి?

రెండవవాదము: 'ఆలుమగల నడుమ తాళమేల? అది అవిశ్వాసమునకు గుఱుతు గాదా?' మేము దీనిని త్రిప్పి యడుగుచున్నాము. భార్య ఫోనును ఆమె నిద్రించునప్పుడు తెఱచి చూచువాడు విశ్వాసముతో చూచుచున్నాడా? తాళము అవిశ్వాసమును పుట్టింపదు. తాళమును చూచి మండిపడుట అవిశ్వాసమును బయటపెట్టును. తాళమున్నను అడిగినప్పుడు ప్రేమతో చూపవచ్చును. తాళము లేనిచో చూపుట యనునదియే లేదు. చూడబడుట మాత్రమే యున్నది. ఇయ్యబడినది వేఱు, తీసికొనబడినది వేఱు.

కొందఱు ఇంకను ముందునకు బోయి, భార్య ఫోనులోనో భర్త ఫోనులోనో గూఢచారి యాపులను చొప్పించి సందేశములను, తిరుగు తావులను దూరమునుండి చూచుచున్నారు. ఇది మా కాలమున పెరుగుచున్న నీచకార్యము. తన భార్య తల్లిదండ్రులతోడను ఇతరులతోడను ఫోనులో మాటలాడినదానిని ఆమెకు తెలియక ముద్రించి, విడాకుల వ్యాజ్యెములో సాక్ష్యముగ బెట్టదలచిన యొక భర్త విషయమున ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానము, అది భార్య యేకాంతపు హక్కునకు భంగమనియు, అట్టి సాక్ష్యము చెల్లదనియు తీర్పు చెప్పెను. ఆ తీర్పు 2008వ సంవత్సరపు న్యాయనివేదికలలో ముద్రితమైనది. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీముకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ, ఏకాంతము మన రాజ్యాంగము నొసగిన మూలహక్కులలో జేరినదని నిర్ణయించిరి.

మా పక్షమునకు ప్రతికూలమగు సంగతిని దాచుట మాకు తగదు. 2025 జూలైలో సుప్రీముకోర్టువారు వేఱొక వ్యాజ్యెమున, భార్యాభర్తల నడుమ రహస్యముగ ముద్రించిన సంభాషణలను విడాకుల విచారణలో సాక్ష్యముగ గైకొనవచ్చునని చెప్పిరి. దీనిని జూపి, 'కోర్టే యొప్పుకొన్నది, ఇక మేము వినవచ్చును' అని సంతోషించువారున్నారు. వారు తీర్పును తుదివఱకు చదువలేదు. దంపతులు ఒకరిపై నొకరు నిఘా వేసికొను స్థితి వచ్చినచో ఆ కాపురము అప్పటికే చెడినదనుటకు అది లక్షణమని ఆ తీర్పులోనే యున్నది. సాక్ష్యమును స్వీకరించుట వేఱు. సాక్ష్యము సంపాదించిన పద్ధతిని మెచ్చుకొనుట వేఱు. రోగము ముదిరినప్పుడు వైద్యుడు కోతకు కత్తి పట్టుకొనును. అంతమాత్రమున ఇంటింట కత్తులు నూఱుకొమ్మని వైద్యశాస్త్రము చెప్పినట్లా?

'చూడకున్న మోసము బయటపడునా?' అని కొందఱడుగుదురు. 2017 నవంబరులో దోహానుండి బాలీకి బోవు విమానమున, భర్త నిద్రించుచుండ నతని వ్రేలిని ఫోనునకు తాకించి తెఱచి, అతని మోసమును గనుగొన్న యొక భార్య చేసిన గలభా వలన విమానమును చెన్నపట్టణమున దింపవలసివచ్చినదని పత్రికలు వ్రాసినవి. ఆ భర్త దోషియే కావచ్చును. అయినను నిద్రించువాని వ్రేలు సమ్మతి యగునా? నేడు దోషిని పట్టుకొనుటకు పనికివచ్చిన యుపాయమే రేపు రోగిని, వృద్ధుని, మత్తుమందిచ్చి పరుండబెట్టిన ప్రయాణికుని దోచుటకు పనికివచ్చును. మోసము నెదుర్కొనుటకు నిలువదీసి అడుగుట, పెద్దలను గూర్చుండబెట్టుట, న్యాయస్థానమునకు బోవుట యను మార్గములు గలవు. దొంగచాటు వాటిలో జేరినది గాదు. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక శాసనమున, అనుమతి లేక ఇతరుల యంత్రములో బ్రవేశించుటను గూర్చిన విభాగములున్నవి. ఇతరుల పాస్‌వర్డును కపటముతో వాడువానికి మూడేండ్లవఱకు ఖైదును, లక్ష రూపాయలవఱకు జుల్మానాయు విధింపవచ్చును. భర్తలకును, అత్తమామలకును, మఱదులకును మినహాయింపు గలదను వాక్యము మాత్రము వానిలో లేదు.

మూడవవాదము: 'ఆపద వచ్చినప్పుడు తాళము తీయలేకున్న నేమి గతి?' ఇది యథార్థమైన ప్రశ్న. దీనికి యథార్థమైన సమాధాన మున్నది. తాళము తీయకుండగనే రక్తపుజాతి, రోగవివరములు, పిలువదగినవారి పేరు కనబడునట్లు ఫోనులలో ఏర్పాటున్నది, దానిని నింపుడు. ముఖ్యమగు రహస్యపదములను ఒక కాగితముపై వ్రాసి, కవరులో నుంచి అతికించి, బీరువాలో బెట్టుడు. అతుకు విడినచో విప్పినట్లు తెలియును. మరణానంతరము తమ ఖాతా నెవరికి తెఱువవలెనో ముందుగనే చెప్పియుంచు సదుపాయమును గూగులు, ఆపిల్ సంస్థలు గల్పించినవి. ఆపద ఏడాదికొకమాఱు రావచ్చునని ఏడాది పొడుగునను తలుపు తెఱచియుంచు గృహస్థుడున్నాడా?

ఇక తాళమును వేసియు వేయనట్లుండువారిని గూర్చి. ఈ దోషమున మేమును పాలివారమే. మేము పనిచేయు పాఠశాలలోని కంప్యూటరునకు మేము పెట్టుకొన్న పాస్‌వర్డు మా స్వగ్రామము పేరును, మాకు ఉద్యోగము దొరకిన సంవత్సరమును గలిపినది. దానిని మహారహస్యముగ భావించుకొని యుంటిమి. ఒకనాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు, విరామవేళ మూడవ ప్రయత్నమున దానిని గనుగొని, మా చెవికడ వంగి 'మాష్టారూ, మీ పాస్‌వర్డు మార్చుకోండి' అని మెల్లగా జెప్పిపోయెను. మేము వానికి సంస్కృతము చెప్పితిమి. వాడు మాకు వ్యవహారజ్ఞానము చెప్పెను. ఎవరు గురువో చెప్పుట కష్టము.

ఇది మా యొక్కరి వెఱ్ఱి గాదు. కంప్యూటరు పాస్‌వర్డు పుట్టిన కొలదికాలమునకే దాని దొంగతనమును బుట్టినది. అమెరికాలోని ఎంఐటీ విద్యాపీఠమున పెక్కుమంది ఒకే కంప్యూటరును పంచుకొను దినములలో, 1962లో, ఆలన్ షేర్ అను పరిశోధకుడు తనకు కేటాయించిన గంటలు చాలక, అందఱి రహస్యపదములు గల పట్టికను ఆ యంత్రముచేతనే అచ్చు వేయించుకొనెను. ఈ సంగతి పెక్కేండ్లకు అతడే చెప్పెను. 1979లో బెల్ ప్రయోగశాలకు జెందిన రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ అను శాస్త్రజ్ఞులు 3,289 రహస్యపదములను పరిశీలింపగా, వానిలో నూటికి 86 సులభముగ గనుగొనదగినవిగా నుండెను. కొన్ని మరీ పొట్టివి, కొన్ని నిఘంటువులో దొరకు మాటలు.  అట్లుండ మన యిండ్ల మాట చెప్పవలయునా?

లెక్క చూడుడు. నాలుగంకెల పిన్నులు పదివేలు మాత్రమే. ఆఱంకెలవి పదిలక్షలు. పుట్టినతేదీని నెలను పెట్టుకొన్నచో అవి 366కు మించవు. ఆ 366లోను మీది ఏదో మీ ఫేసుబుక్కులో శుభాకాంక్షలు చెప్పినవారందఱకును తెలియును. దీనికి మాఱుగ, రెండువేల తెలుగుమాటల పట్టికనుండి కన్నులు మూసికొని నాలుగు మాటలను ఏఱి వరుసగా వ్రాసికొన్నచో, కాగల కూర్పులు పదియాఱు లక్షల కోట్లు. గుమ్మడి, పల్లకి, ఉడుత, సముద్రము అన్నట్లు సంబంధము లేని నాలుగు మాటలు. పిల్లవాడైన జ్ఞాపక ముంచుకొనును, చోరునకు మాత్రము యుగములు పట్టును. నెలనెల మార్చుకొనుడని పీడించుట కంటె, పొడుగైనది పెట్టుకొని, బయటపడినదన్న యనుమానము కలిగినప్పుడు మార్చుట మేలని అమెరికా ప్రామాణిక సంస్థ 2017లో చెప్పినది. ఒకే పదమును పదిచోట్ల వాడుట అన్నిటికంటె పెద్ద దోషము. ఒక దుకాణమువారి పట్టిక చోరుల పాలైనచో, వారు ఆ పదముతోనే మీ మెయిలును, బ్యాంకును తట్టిచూతురు.

గృహస్థులు నేడే చేయదగిన పనులు నాలుగింటిని జెప్పి ముగించెదము. ఫోనునకు ఆఱంకెల పిన్నునైన బెట్టుడు; నిముసములో దానంతట నదియే మూసికొనునట్లు చేయుడు; మూసిన ఫోనుపై సందేశముల పాఠము కనబడకుండునట్లు ఏర్పఱచుడు. తలుపు మూసి కిటికీలోనుండి ఓటీపీని చూపుటవలన ఫలమేమి? ఇది మొదటిది. సిమ్మునకు గూడ వేఱుగ పిన్ను గలదు. దానిని బెట్టనిచో, దొంగ మీ ఫోనును తెఱువకయే సిమ్మును వేఱొక ఫోనులో వేసి మీ ఓటీపీలను దీసికొనును. ఇది రెండవది. వాట్సప్‌లో 'జతచేసిన పరికరము'లను చూచుడు. మీకు తెలియని కంప్యూటరేదైన నున్నచో తొలగింపుడు. రెండంచెల పిన్ను పెట్టుడు. వాట్సప్‌గాని బ్యాంకుగాని పంపిన అంకెలను ఎవడడిగినను చెప్పకుడు. సొమ్ము మీకు వచ్చునప్పుడు యూపీఐ పిన్నుతో పని లేదు. పిన్ను కొట్టితిరా సొమ్ము పోవుటకే. ఇది మూడవది.

నాలుగవది యంత్రమును క్రొత్తపఱచుట. 2017 మే నెలలో వానాక్రై యను చొరబాటు నూఱుకు మించిన దేశముల కంప్యూటర్లను స్తంభింపజేసినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని వాత బడినవి. ఆ చొరబాటు దూఱిన కంతకు మైక్రోసాఫ్టువారు రెండు నెలలకు ముందే, మార్చిలోనే, మందు పంపిరి. వేసికొన్నవారు బ్రతికిరి, 'తరువాత చూతము' అనువారు చిక్కిరి. ఫోను 'క్రొత్తపఱతునా?' అని యడిగినప్పుడు 'తరువాత' యని నొక్కు వ్రేలిని కొంచెము శిక్షింపుడు.

ఇన్ని చేసినను పొరపాటు జరుగవచ్చును. జరిగిన క్షణమున సిగ్గుపడకుడు. 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేయుడు, బ్యాంకునకు తెలుపుడు. ఫోను పోయినచో సంచార్ సాథీ ద్వారమున దానిని పనికిరాకుండ జేయవచ్చును. అందులకు కావలసిన ఐఎంఈఐ సంఖ్యను ఇప్పుడే వ్రాసియుంచుకొనుడు. ఇంటి పెద్దలకు మఱియొక ప్రార్థన. సొమ్ము పోగొట్టుకొన్నవారిని తిట్టకుడు. తిట్లకు వెఱచి దాచిన ప్రతి గంటయు చోరునకు బహుమానము. పిల్లల విషయమున, చిన్నవాని ఫోనును తల్లిదండ్రులు వానికి చెప్పి, వాని యెదుటనే చూచుట రక్షణము. చాటుగా చూచుట చౌర్యమునకు పాఠము. వాడు పెరిగినకొలది తాళపుచెవిని వాని చేతికప్పగించుట విద్యలో నొక భాగము.

నాటకమునకు మరలుదము. ఆ కథలో ఉంగరము జాఱిన యింటి యజమానుడు చందనదాసు. చాణక్యుడు అతనిని పిలిపించి, రాక్షసుని కుటుంబము నెక్కడ దాచితివో చెప్పుమని యడిగెను. ఆశ చూపెను, భయపెట్టెను. కడకు వధ్యస్థానమునకు పంపెను. ఆ వర్తకుడు తన రహస్యము కాని రహస్యమును ప్రాణము కంటె మిన్నగ గాచెను. 'దాచుటకేమున్నది?' అని యాతడనలేదు. రాక్షసుని బుద్ధి చేయలేని పనిని ఈతని మౌనము చేసినది. చాణక్యుడంతవాడు మెచ్చుకొన్నది దీనినే.

మన యిండ్లలో రాక్షసులు చాలమంది యున్నారు. తెలివి కలదు, ముద్రయందు జాగ్రత్త లేదు. చాణక్యుని చారులు వేనవేలు. శుభలేఖలు పట్టుకొని వాకిట నిలిచియున్నారు. మనకు కఱవైనది చందనదాసులే. భర్త భార్య రహస్యమునకు, అత్త కోడలి రహస్యమునకు, తండ్రి బిడ్డ రహస్యమునకు చందనదాసుడై నిలుచు గృహమున ఎవరి యుంగరము వారి వేలికి సరిపోవును. ఈ రాత్రి భోజనమైన పిమ్మట ఇంటివారందఱును గూర్చుండి, ఎవరి పిన్నును వారే, ఒకరిదొకరు చూడక, క్రొత్తగా బెట్టుకొనుడు. అప్పుడెవరైన 'నీదేమిటి?' అని యడిగినచో, నవ్వి, చెప్పకుండుటకు అలవాటు పడుడు. అడిగినవారును నవ్వి యూరకుండుటకు అలవాటు పడుదురుగాక.